ఇంటికో గరిటె నూనె

నీళ్ళు 26

నీళ్ళలో తిరిగి ఓడను నెట్టే పంకా ఎవరు బిగిస్తే పుస్తకం వాళ్ళే రాయాలన్నది మా రేవు కట్టుబాటు. తారీకులు వేసుకోవడం మానేసి చాలా కాలమైంది. నీళ్ళపెద్ద దేముడమ్మ ప్రతి ఉదయం కొండమీది పలక మీద ఇంకెన్ని రోజులకు నీళ్ళున్నాయో రాస్తుంది. ఆ అంకెనే పుస్తకంలో పైన వేస్తాం. నా పేరు గరికిన ముత్యాలు. నేను బిగించే పంకాల్లో ఇది ఆరోది. రేవులో మిగిలిన ఆఖరి ఓడకి.

ఓడ పేరు మరిడమ్మ. కొండమీద మేం ఆరువందల నలభై మందిమి ఉన్నాం. ఓడలో మూడువందల మందికి మించి పట్టరు. ఉత్తరాన తీపినీళ్ళ రేవుకి పోవడానికి ఆరు రోజులు, రావడానికి ఆరు రోజులు. మొదటి విడత వాళ్ళను అక్కడ దించి, తిరిగొచ్చి మిగిలినవాళ్ళను ఎక్కించుకోవాలి. సముద్రపు నీళ్ళలో ఉప్పు విరిచే జల్లెడలు నిరుడే చచ్చాయి. వాన గురించి రాయను. రాస్తే చదివినవాళ్ళు నవ్వుతారు.

మరిడమ్మ పాత పంకా మునిగిపోయిన క్రేను చేతికి తగిలి రెండు రెక్కలు పోగొట్టుకుంది. పాత రేవు అడుగున పడున్న ఇంకో ఓడ నుంచి ఏడు టన్నుల కంచు పంకాను మునకగాళ్ళు పైకి తెచ్చారు. దానిదీ, ఎండతో నడిచే మోటారు తిప్పే ఇరుసు, మా షాఫ్టుదీ ఒకే కొలత. కాకపోతే ఒకదానికొకటి ముక్కూ మొహం తెలియవు. షాఫ్టు కొస ముల్లంగి దుంపలా సన్నబడుతూ పోతుంది. దానికి నీలం రంగు పల్చగా రాసి, పంకా ఎక్కించి దించి, లోపల నీలం అంటిన మిట్టల్ని గీకుతాను. మళ్ళీ నీలం, మళ్ళీ ఎక్కించడం, మళ్ళీ గీకడం. నూటికి డెబ్బై పాళ్ళు అంటేదాకా ఇదే పని. ఈరోజుకి యాభై అయింది.

మధ్యాహ్నం మా ఆయన గురువులు గంజి తెచ్చాడు. పంకా చుట్టూ ఒకసారి తిరిగి, పెళ్ళిచూపులకొచ్చిన మేనమామలా అన్ని రెక్కలూ తట్టి చూశాడు. ఆయనకు ఆ హక్కుంది. పంకా బిగించినవాళ్ళ ఇంటి మనిషి ఒకరు మొదటి ప్రయాణంలో ఓడ వెనక భాగాన, సరిగ్గా పంకాకి పైనున్న గదిలో కూర్చోవాలి. దాన్ని పూచీ గది అంటాం. షాఫ్టు మీద చెయ్యి పెట్టుకుని అదెలా తిరుగుతోందో చూడడం, తేడా వస్తే ఓడ నడిపే సరంగుకి చెప్పడం అక్కడ కూర్చున్నవాళ్ళ పని. ఓడకేమైనా అయితే అందరూ దిగాకే వాళ్ళు దిగాలి. ఎవరు పెట్టారో గానీ తెలివైన కట్టుబాటు. సొంతవాళ్ళు కూర్చునే పీటకి ఎవరైనా మేకులు గట్టిగానే కొడతారు. మాకు పిల్లల్లేరు. ఐదుసార్లూ ఆయనే వెళ్ళాడు.

“ఏటే ముత్తేలు, ఈ పాలి నన్ను ముంచీవు గదా?” అన్నాడు.

ముంచే ఉద్దేశమే ఉంటే ఇన్నేళ్ళు గంజి కాచి పొయ్యడం దేనికని అడిగాను. ఆ గంజికంటే మునిగిపోవడమే నయమన్నాడు.

నీళ్ళు 22

నీలం డెబ్బై నాలుగు పాళ్ళు అంటింది. పంపు తాతారావు దీపం పెట్టి లోపలికి తొంగిచూసి, తల ఊపాడు. ముప్ఫై ఏళ్ళుగా నా పక్కన పంపు కొట్టిన మనిషి. ఆయన తల ఊపితే చాలు, నాకు రెండు రోజులు ఆకలి వేయదు.

తర్వాతివాళ్ళ కోసం పద్ధతి రాసి పెట్టాలి. పంకాకీ షాఫ్టుకీ మధ్య మేకు లేదు, చీల లేదు, అతుకు లేదు. ఉన్నది పట్టు ఒక్కటే. పంకా నడిమి బోలులో, షాఫ్టుకీ కంచుకీ మధ్యకి పంపుతో నూనె ఎక్కిస్తే కంచు వెంట్రుకవాసి ఉబ్బుతుంది. అదే సమయంలో వెనకనున్న నట్టులోకి రెండో పంపుతో నూనె ఎక్కిస్తే, ఆ నట్టు పంకాను షాఫ్టు మీదకి నెడుతుంది. పట్టికలో ఉన్నంత దూరం ఎక్కగానే లోపలి నూనె వదిలేస్తాం. కంచు ముడుచుకుని షాఫ్టును పట్టేసుకుంటుంది. లోపల మిగిలిన నూనె చిన్న రంధ్రం గుండా చుక్కచుక్కగా కారిపోవాలి. లోహాన్ని లోహం తాకినప్పుడే అది పట్టు. చుక్క ఆగేదాకా ఓడను కదపకూడదు.

ఎంత దూరం నెట్టాలన్నది వేడిని బట్టి మారుతుంది. పాత పట్టిక ముప్ఫై ఐదు డిగ్రీల దగ్గర ఆగిపోయింది. అంతకు మించి వేడెక్కే సముద్రం ఉంటుందని రాసినవాళ్ళు అనుకోలేదు. మిగతా గీత నేనే బొగ్గుతో గోడమీదకి పొడిగించుకున్నాను. ఇప్పటిదాకా అది తప్పలేదు.

నీళ్ళు 19

ఈరోజు గరిటె పండగ.

భూమిలోంచి తీసే నూనె నేను పుట్టకముందే అయిపోయింది. అప్పట్నించీ పంపుకి కావలసిన నూనె ఇంటికో గరిటె చొప్పున వస్తుంది. పంకా అందరినీ మొయ్యాలి కాబట్టి పట్టులో అందరి నూనే ఉండాలని పెద్దలు చెప్పారు. గరిటె మీద కొంగు కప్పి తేవాలి. ఒకరి గరిటెలోకి ఇంకొకరు చూడకూడదు. లేనివాళ్ళు సగమే తెచ్చినా ఎవరికీ తెలియకూడదని ఆ ఏర్పాటు. నిచ్చెన ఎక్కి, గరాటులో పోసి, దిగిపోవాలి. బిగించే ఇల్లు కాబట్టి మొదటి గరిటె మాది.

ఏళ్ళ తరబడి అందరూ కానుగ నూనే పోసేవారు. దీపాలకూ అదే. ఉప్పుగాలికి కొండమీది కానుగలు ఎండిపోయి రెండేళ్ళైంది. మా సీసాలో మిగిలింది అడుగు తడవడానికి కూడా చాలదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, ఇప్పుడు కొండంతా అదే. మా గరిటెలో ఆముదం పోశాను. నూట ఎనభై గరిటెల కానుగలో ఒక్క గరిటె ఆముదం ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఖాళీ చేతులతో మాత్రం నిచ్చెన ఎక్కలేను కదా. పుస్తకంలో నిజమే రాయాలి కాబట్టి రాశాను.

మధ్యాహ్నానికి నూట ఎనభై ఇళ్ళూ వచ్చిపోయాయి. మూడు నెలల పిల్లను చంకనేసుకొచ్చిన ఒకామె గరిటె తొణక్కుండా నిచ్చెన ఎక్కి దిగింది. ఇంత కరువులోనూ ఒక్క ఇల్లు తప్పలేదు.

నీళ్ళు 18

పంకా ఎక్కింది.

ఎండ ముదరకముందే మొదలుపెట్టాం. నేను గేజి దగ్గర, తాతారావు లోపలి పంపు దగ్గర, ఇంకో ఇద్దరు నట్టు పంపు దగ్గర. పదిసార్లు కొట్టగానే పంపు పిడి బరువుగా ఉందని తాతారావు అన్నాడు. చేతుల్లో పస అయిపోయి పంపుకి వంక పెడుతున్నాడని నేను ఆటపట్టించాను. వాషర్లు అరిగాయేమో చూడమన్నాడు. చూశాను. బాగానే ఉన్నాయి. మళ్ళీ కొట్టమన్నాను.

గేజి ముల్లు కదలడం మొదలెట్టాక అందరం మాటలు మానేశాం. ఏడు టన్నుల కంచు జుట్టుపోచంత, జుట్టుపోచంత ముందుకు జరుగుతుంటే ఊపిరి బిగపట్టుకుంటాం. ఎన్నిసార్లు చేసినా నాకు అదే భయం, అదే ఆనందం. ఎనిమిది మిల్లీమీటర్ల మీద నాలుగు గీతలు ఎక్కాలి. ఎక్కింది. ఎప్పుడూ ఆ దూరానికి నట్టు పంపు ముల్లు రెండువందల ఎనభై దాకా పోతుంది. ఈసారి రెండువందల పదికే ఎక్కేసింది. అంత సులువుగా ఎక్కిందంటే నా గీకుడు అంత నున్నగా ఉందన్నమాట అనుకుని మురిసిపోయాను. తాతారావు గేజి వంక చాలాసేపు చూశాడు. తల మాత్రం ఊపలేదు. అది నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

లోపలి నూనె వదిలాం. నట్టు చివరిసారి బిగించి, అది తిరగకుండా తాళం పలక వేసి, నాలుగు బోల్టులు ఎక్కించి, బోల్టు తలలన్నిటికీ కలిపి తీగ చుట్టాను. రంధ్రం కింద గిన్నె పెట్టాను. ఇక చుక్క ఆగాలి.

నీళ్ళు 15

చుక్క ఆగలేదు.

కానుగ నూనె అయితే మొదటి రోజు ధారగా కారి, రెండో రోజుకి ఆగిపోతుంది. ఇది మొదటి రోజునుంచీ ఒకే తీరుగా పడుతోంది. వంద లెక్కపెట్టేలోగా ఒక చుక్క, మళ్ళీ వందకి ఇంకొకటి. మూడు రోజులకి గిన్నెలో అరచేతిలో పట్టేటంత కూడా లేదు. లోపల మాత్రం చాలా ఉంది.

ఈ పొద్దున చుక్కను వేలి మీద పట్టి రెండో వేలితో రాశాను. తీగలా సాగింది. వాసన చూశాను. చంటిపిల్లల మాడుకి పట్టించే నూనె వాసన. ఇది నా ఒక్క గరిటె కాదు. గిన్నె మొత్తం ఆముదమే.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన నన్ను చూసి ఆముదం తాగిన మొహం పెట్టావేమని అడిగాడు. రోజూ అనే మాటే. ఈరోజు నవ్వలేకపోయాను, అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చాను.

నీళ్ళు 14

ఎవరినీ పిలవలేదు, ఎవరినీ అడగలేదు. తాతారావుకి చెప్పాను, ఆయన ఇంట్లో చెప్పాడు. కొండమీద మాటకి కాళ్ళెక్కువ. పొద్దున్నించీ ఒక్కొక్కరే ఓడను నిలిపిన ఎండు గుంట, డొక్కులోకి దిగి వస్తున్నారు. ఒకరున్నప్పుడు ఇంకొకరు రారు, గోడ పక్కన ఆగుతారు.

వచ్చినవాళ్ళందరిదీ ఒకే మాట. ఇంట్లో కానుగ లేదు. ఊరికే రాలేక ఆముదం పోశాం. అందరూ కానుగే పోస్తారు కదా, ఒక్క గరిటెకి ఏమవుతుందిలే అనుకున్నాం. ఓడ చెడితే మా ఒక్క ఇంటివల్లే చెడినట్టు, ఎవరికీ చెప్పకు. చంకలో పిల్లతో వచ్చిన ఆమె కూడా వచ్చింది. పురిటికని దాచుకున్న ఆముదం అట, ఉన్నదాంట్లో మంచిది తెచ్చానని చెప్పి ఏడ్చింది. ఆమెను ఓదార్చడానికి నేను మొదటి గరిటె పోసింది ఏమిటో చెప్పాను.

సాయంత్రానికి లెక్క తేలింది. నూట ఎనభైలో నూట అరవై ఏడు ఆముదం. తిలాపాపం తలా పిడికెడంటారు. మా కొండమీద అది తలా గరిటెడు. ఒక్కళ్ళమైనా కొంగు తీసి పక్కవాళ్ళకు చూపించి ఉంటే ఆ రోజే తెలిసేది. మర్యాద కోసం పెట్టుకున్న కొంగు అది. దాన్ని తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు.

నీళ్ళు 12

రెండు రోజులు పరీక్ష చేశాం. పాత షాఫ్టు ముక్క ఒకటి, దానికి తగ్గ కంచు ఉంగరం ఒకటి. ముందు గిన్నెలోని నూనెతో ఎక్కించి, ఒక రోజు ఆగి, బారు కడ్డీ పెట్టి తిప్పాం. తాతారావు ఒక్కడే తిప్పితే ఉంగరం జారింది. శుభ్రంగా తుడిచి, ఒకరింట మిగిలిన గుక్కెడు కానుగతో ఎక్కించి తిప్పితే నలుగురం కలిసి వేలాడినా కదల్లేదు.

చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పేది, దొంగలు ఒళ్ళంతా ఆముదం పూసుకుని వస్తారని, ఎంత బలవంతుడు పట్టుకున్నా జారిపోతారని. ఇప్పుడు షాఫ్టు అలాగే ఉంది. నట్టు కదలదు, తాళం కదలదు, వాటి లోపల ఉన్న పట్టే సగం.

సన్నని చీల కోసం కన్నం వేద్దామని తాతారావు అన్నాడు. మా దగ్గరున్న ములుకులు ఆ కంచును గీరగలవేమో గానీ తొలవలేవు. తొలిచినా బీట వారుతుంది. ఉన్న దారి ఒక్కటే. పంకా మళ్ళీ పీకి, బూడిదా తీపినీళ్ళూ పెట్టి మరిగించి కడిగి, తుడిచి, కానుగ పోసిన పదమూడు ఇళ్ళలో మిగిలింది కూడగట్టి మళ్ళీ ఎక్కించాలి. ఉప్పునీళ్ళతో కడిగితే షాఫ్టు తుప్పు పడుతుంది.

నీళ్ళు 11

పొద్దున పలక దగ్గర అందరం కూర్చున్నాం. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పీకి, కడిగి, ఎక్కించి, చుక్క ఆగడానికి ఏడు రోజులు. కడగడానికి మూడు రోజుల తాగునీళ్ళు. పదకొండులో పది పోతే ఓడ బయలుదేరేనాటికి ఒక్క రోజు నీళ్ళుంటాయి. ఓడ తిరిగొచ్చేసరికి కొండమీద ఎవరూ ఉండరు. ఇప్పుడే వెళ్తే, ఎక్కినవాళ్ళు తమ వాటా నీళ్ళు పట్టుకెళ్ళినా మిగిలిన మూడువందల నలభై మందికి పదమూడు రోజులకు సరిపోతాయి. పన్నెండో రోజుకి ఓడ వస్తుంది, పట్టు నిలిస్తే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మెల్లగా ముందుకు పోతే నిలవవచ్చని చెప్పాను. సగం వేగం దాటకూడదు, మా ఆరు రోజుల లెక్కా ఆ వేగానిదే. మోటారు వెనక్కి తిప్పనే కూడదు. తిరుగుడు ఒక్కసారిగా మారిందంటే జారుతుంది. తీపినీళ్ళ రేవు చేరినప్పుడు దూరంగానే మోటారు ఆపేసి, తాళ్ళతో లాగించుకోవాలి. సరంగు నూకన్న లేచి, వెనక్కి తిప్పే పిడికి తాడు కట్టేస్తానన్నాడు. నలభై ఏళ్ళు ఓడ నడిపిన మనిషి. ఆయన మాట నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

పుస్తకంలో బిగించినవాళ్ళ వేలిముద్ర పడకుండా ఓడ తాడు విప్పరు. దేముడమ్మ నన్ను తొందరపెట్టలేదు. పలక ముందు నిలబడి, చేతిలో సుద్దముక్క పట్టుకుని ఊరికే చూస్తూ ఉంది.

ఇంటికెళ్ళి మా ఆయన్ని ఈసారి వెళ్ళొద్దన్నాను. నేను ఎక్కుతానన్నాను. బిగించినవాళ్ళు రేవు వదలకూడదన్నది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రెండో విడతకి ఓడ వచ్చినప్పుడు పంకా చూడాల్సింది నేనే. అయినా అన్నాను. ఆయన చాపమీద కూర్చుని వల ముడి విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

“నానెల్లకపోతే ఎవులెక్కుతారే? ఆ మూడొందల మందీ నీ మొకం సూడరు, నా మొకం సూత్తారు. నీ మొగుడే ఎక్కనేదంటే ఎవులు మాత్రం కాలెడతారు?”

“జారుతుంది మావా. నా చేతుల్తో చూశాను.”

“నిలబడొచ్చని గూడా నువ్వే సెప్పినావు గదా. దానికే ఎల్తాను.”

నేను వెళ్ళి వేలిముద్ర వేసి వచ్చాను. కింద ఉంది చూడండి, నీలం రంగులో.

నీళ్ళు 10, ఓడ వెళ్ళాక 13

ఎండెక్కక ముందే డొక్కులోకి నీళ్ళు వదిలాం. మరిడమ్మ తేలింది. మూడువందల మంది ఎక్కారు. మా ఆయన చివర్న ఎక్కి పూచీ గది కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. ఊపితే వీడ్కోలైపోతుందని మొండికేశాను. ఆ మొండితనానికి ఇప్పుడు నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

మోటారు అందుకుంది. ఓడ మెల్లగా కదిలింది. వెనక నీళ్ళు తెల్లగా విరిగాయి. పంకా పట్టింది. తాతారావు నా భుజం మీద చెయ్యేశాడు. దేముడమ్మ పలక తుడిచి పదమూడు అని రాసింది. ఓడ మునిగిన గోదాముల మధ్యనుంచి నడకకంటే నెమ్మదిగా దాదాపు గంటసేపు పోయింది. ఆ గంటా నేను ఊపిరి లెక్కపెడుతూనే ఉన్నాను. అలవాటు ప్రకారం సాగనంపేవాళ్ళు తెప్పల మీద వెంట వెళ్ళారు. వెనకే ఉండాలని అందరికీ ముందే చెప్పాం.

రేవు నోటి దగ్గర ఒక తెప్ప అడ్డం తిరిగింది. అందులో ఒక ముసలాయన, ఆయన కోడలు, ఆమె పిల్ల. ఓడెక్కిన కొడుకు ఎండుచేపల మూట ఒడ్డున మర్చిపోయాడట. అది అందించాలని తెడ్లు వేసుకుంటూ ముందుకొచ్చారు. అక్కడ నీటి వడి ఎక్కువ, తెప్పను ఓడ ముక్కు కిందకి లాగేసింది. ఓడ మీదనుంచి కేకలు వినిపించాయి.

సరంగు తాడు కోసి పిడి వెనక్కి లాగాడు. అతను మనిషి కాబట్టి లాగాడు. కళ్ళముందు ముగ్గురు ఓడ కిందకి పోతుంటే నేనైనా అదే చేసేదాన్ని. వెనక్కి తిరిగిన పంకా ఒక్క క్షణం నీళ్ళను పట్టింది, ఓడ ఆగింది, తెప్ప పక్కకి తప్పుకుంది. ముగ్గురూ బతికారు.

ఆ వెంటనే మోటారు గొంతు మారింది. తాడు తెగిన బొక్కెన బావిలో పడితే గిలక ఒంటరిగా తిరిగినట్టు, సన్నగా, పైకి పైకి. ఓడ వెనక నీళ్ళు చదునుగా ఉండిపోయాయి. సరంగు మళ్ళీ ముందుకు వేసినట్టున్నాడు, అదే చప్పుడు. ఉన్న తెప్పలన్నీ దింపమని గట్టుమీంచి అరిచాను.

నీటి వడి మరిడమ్మను పక్కకి తిప్పి బయటి సముద్రంలోకి లాక్కుపోవడం మొదలెట్టింది. లంగరు వేశారు. పాతకాలపు గొలుసు ఇప్పటి లోతుకి అందలేదు. ఉన్న తెప్పలన్నీ వెళ్ళాయి. ఓడ పక్కనుంచి మనుషుల్ని దించుకోవడం, ఒడ్డుకి తెచ్చి దించడం, మళ్ళీ పోవడం. ప్రతిసారీ ఓడ ఇంకాస్త దూరంగా ఉండేది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి అలలు పెద్దవై తెప్పలు పోలేకపోయాయి. అప్పటికి నూట పన్నెండు మంది ఒడ్డుకి చేరారు. వచ్చిన ప్రతి తెప్పకీ ఎదురెళ్ళి మొహాలు చూశాను. అందరూ దిగాక దిగేవాడు అందులో ఉండడని తెలుసు. అయినా చూశాను.

సరంగు కూడా దిగలేదు. సాయంత్రం దాకా ఓడ కనిపించింది, తర్వాత లేదు.

నీళ్ళు 9

దేముడమ్మ పొద్దున పదమూడుని అరచేత్తో తుడిచేసింది. తిరిగొచ్చినవాళ్ళ వాటా నీళ్ళు ఓడలోనే ఉండిపోయాయి. ఇప్పుడు మేం నాలుగువందల యాభై రెండు మందిమి. పలక మీద తొమ్మిది రాసింది. నూట పన్నెండు మందీ అది చూసి, తలలు దించుకుని వరసలో వెనక నిలబడ్డారు. వాళ్ళను ముందుకు రమ్మని ఎవరూ అనలేదు. వెనక్కి పొమ్మనీ అనలేదు. కొండమీద ఇంకో ఓడ లేదు. తెప్పలు ఆరు రోజుల సముద్రం దాటలేవు. ఇది తెలియనివాళ్ళు ఇక్కడెవరూ లేరు.

నా తప్పు కాదని అందరూ చెబుతున్నారు. తాతారావు పంపు విప్పి, వాషర్లు తీసి, తుడిచి వరసగా పెట్టాడు. ఆయన చేతులకు ఇంకో పని తెలియదు.

మధ్యాహ్నం కాసులమ్మ అనే విధవరాలు డొక్కులోకి వచ్చింది. ఆఖరి తెప్పలో దిగిన మనిషి. నా పక్కన కూర్చుని, పాఠం అప్పజెప్పే పిల్లలా కళ్ళు మూసుకుని మొదలెట్టింది.

“నీ మొగుడు నన్ను తెప్పలోకి దించి, మర్సిపోకుండా ఇది సెప్పమన్నాడు. ముందుకి గంటసేపు బాగానే పట్టినాది. ఎనక్కి ఏసిన పాలి ఒక్క సుట్టు పట్టి జారీసినాది. మళ్ళీ ముందుకేత్తే పట్టనేదు. షాఫ్టు ఒకటే తిరుగుతున్నాది, సెయ్యెడితే సుర్రుమంటున్నాది. ఇది రాసుకోమను అన్నాడు.”

ఇంకేమైనా చెప్పాడా అని అడిగాను.

“నేదు. నువ్వలాగ అడుగుతావని గూడా అన్నాడు. అడిగితే నేదని సెప్పమన్నాడు.”

ఆమె వెళ్ళిపోయాక పుస్తకం తెరిచాను. అంతమందిని తెప్పల్లోకి దించుతూ, అలలు పెరుగుతుంటే, ఆ మనిషి నాకు పని సంగతి చెప్పి పంపాడు. ఏదైనా ప్రేమగా ఒక మాట పంపి ఉంటే దాన్ని పట్టుకుని నేను చచ్చిపోయేదాన్నని ఆయనకు తెలుసు. నేను ఆయన మీద కోపంగా ఉన్నాను. ఆయన కావాలి నాకు.

ఇది చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే, కిందది పనికొస్తుంది.

లోపలికి ఎక్కించే నూనె పల్చగా ఉండాలి. ఆముదం వద్దు, ఒక్క గరిటె కూడా వద్దు. నూనె తెచ్చేవాళ్ళు కొంగు తీసి చూపించి పొయ్యాలి, సగమే తెచ్చినవాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు. పంపు పిడి బరువుగా ఉందని పంపు కొట్టే మనిషి చెబితే వినాలి. నట్టు ముల్లు తక్కువ చూపిస్తే మురిసిపోకూడదు, ఆపాలి. మరిడమ్మ పంకా ముందుకి పట్టిన సమయం ఒక గంట. వెనక్కి ఒక్క చుట్టు. ఆ తర్వాత పట్టలేదు, షాఫ్టు చెయ్యి కాలేటంత వేడెక్కింది. చూసినవాడు పూచీ గదిలో ఉన్న గరికిన గురువులు. బిగించింది నేను, ముత్యాలు. ఆయన చెప్పినట్టే, ఒక్క మాట పొల్లుపోకుండా రాశాను.